కథ కంచికి వెళ్ళాక

అమెరికన్ ‘ది ఆఫీస్’ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ మొన్నటిదాకా చివరివరకూ చూసింది ఒక్కసారే. మిగతా అన్నిసార్లూ ఏడో సీజన్ ఆఖర్లో, ఎయిర్‌పోర్ట్ దగ్గర ఆపేసేదాన్ని. మైకేల్ స్కాట్ ఒంటికి తగిలించిన మైకు తీసి కెమెరా వాళ్ళకి ఇచ్చేస్తాడు. ఆ తర్వాత అతనేం మాట్లాడినా మనకి వినపడదు. పామ్ పరిగెత్తుకుంటూ వచ్చి కౌగిలించుకుంటుంది, ఇద్దరూ ఏదో చెప్పుకుంటారు. అదీ వినపడదు. ఏడు సీజన్లపాటు ‘ఈయన నోరు మూస్తే బావుండు’ అనుకుంటూ నవ్వాం. తీరా అతని మాట వినాలనిపించిన రోజున మైకు లేదు. ఇంతకన్నా మంచి శుభం కార్డు ఏముంటుంది? కథ కంచికి, మనం ఇంటికి.

కానీ కథ కంచికి వెళ్ళలేదు. 2011 ఏప్రిల్‌లో ఆ ఎపిసోడ్ వచ్చాక ఇంకో యాభైకి పైగా తీశారు. 2013 మేలో, మొత్తం 201 ఎపిసోడ్లు అయ్యాక గానీ ఆపలేదు. ఈమధ్య ఆ మిగిలిన రెండు సీజన్లూ వరుసపెట్టి చూశాను. ‘ఆఖర్లో చెడగొట్టారు’ అని నేను ఇన్నాళ్ళూ అందరికీ చెబుతున్న మాట సగమే నిజమని అర్థమైంది.

ముందు ఆ నిజమైన సగం గురించి. దీని మాతృక బ్రిటిష్ ‘ది ఆఫీస్’. రికీ జెర్వేస్, స్టీఫెన్ మర్చంట్ కలిసి 12 ఎపిసోడ్లు, 2003లో ఒక రెండు భాగాల క్రిస్మస్ స్పెషల్ తీసి దుకాణం కట్టేశారు. అంతకు చాలా ముందే జాన్ క్లీజ్, కానీ బూత్ ‘ఫాల్టీ టవర్స్’ని కూడా 12 దగ్గరే ఆపారు. 1975లో ఆరు, 1979లో ఆరు, అంతే. అమెరికాలో లెక్క వేరు. ఒక షోని రీరన్‌ల కోసం అమ్ముకోవాలంటే వంద ఎపిసోడ్లైనా చేతిలో ఉండాలనేది అక్కడి పాత వ్యాపార సూత్రం. వంద దాటి, జనం ఇంకా చూస్తుంటే ఆపడానికి ఎవరికీ మనసు రాదు. అయితే డబ్బు షో ఎందుకు సాగిందో చెబుతుంది గానీ, సాగినప్పుడు ఎందుకు చెడిందో చెప్పదు. ఆ కారణం షో లోపలే ఉంది.

‘ది ఆఫీస్’ రెండు ఇంజన్ల బండి. ఒకటి మైకేల్. అతను ఎన్ని దెబ్బలు తిన్నా ఏమీ నేర్చుకోడు, అందుకే నవ్వొస్తుంది. రెండోది జిమ్, పామ్‌ల ప్రేమ. అది కదలాలి, కదులుతుందన్న ఆశతోనే మనం చూస్తాం. మారని మనిషి, మారుతున్న జంట. ఒకళ్ళు కథని నిలబెడితే, ఇంకొకళ్ళు నడిపిస్తారు. 2009 అక్టోబర్‌లో, నయాగరా దగ్గర పెళ్ళితో రెండో ఇంజన్ ఆగింది. మైకేల్ విమానం ఎక్కడంతో మొదటిదీ ఆగింది. ఎనిమిదో సీజన్ మొత్తం ఆగిన బండిని తోసుకుంటూ పోవడమే.

ఆ సీజన్‌లో అందరూ ఖాళీ కుర్చీ చుట్టూ తిరుగుతారు. మేనేజర్‌గా ఆండీ వస్తాడు, పైన రాబర్ట్ కాలిఫోర్నియా వస్తాడు. మైకేల్ చేసే పనులు ఇప్పుడు వేరేవాళ్ళు చేస్తుంటారు, వాళ్ళ ఒంటికి నప్పకపోయినా. దానికన్నా నాకు బాధ కలిగించింది కెవిన్. రెండో సీజన్ చివరి ఎపిసోడ్‌లో, ఆఫీసు వాళ్ళంతా సరదాగా పేకాట ఆడే రాత్రి, వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో బ్రేస్‌లెట్ గెలిచిన మనిషని అతని గురించి తెలుస్తుంది. అంటే ఆ మందకొడి ముఖం వెనకాల లెక్క తెలిసిన బుర్ర ఒకటుంది, అది మనకి కనపడలేదు అంతే. ఆఖరికి వచ్చేసరికి అదే కెవిన్ లెక్కలు సరిపోవడానికి ఒక కొత్త అంకెనే కనిపెట్టుకునే అమాయకుడైపోయాడు. జోక్ బావుంటుంది, నవ్వాను కూడా. కానీ ఒక మనిషిలో ఉన్న పది గుణాల్లో తొమ్మిది తీసేసి, బాగా నవ్వించిన ఒక్కదాన్నే మిగిల్చారు. గడువు దాటిన కామెడీకి పట్టే మొదటి జబ్బు ఇదే. జోకులు తగ్గవు, మనుషులు తగ్గిపోతారు.

ఇక తొమ్మిదో సీజన్. షోని అమెరికాకి తెచ్చిన గ్రెగ్ డేనియల్స్ పగ్గాలు మళ్ళీ చేతికి తీసుకున్నాడు. జిమ్ ఫిలడెల్ఫియాలో స్నేహితులతో ఒక స్పోర్ట్స్ మార్కెటింగ్ కంపెనీలో చేరతాడు. పామ్‌కి ముందు చెప్పడు. వారంలో సగం రోజులు అక్కడా, మిగతా సగం ఇక్కడా. ఒకరోజు కూతురి డాన్స్ ప్రోగ్రామ్ ఉంటుంది. జిమ్ రాలేకపోతాడు, వీడియో తీసి పంపమంటాడు. పామ్ తీయలేకపోతుంది. ఫోన్‌లో మాటకి మాట పెరుగుతుంది. ఫోన్ పెట్టేశాక పామ్ ఏడుస్తుంది. అప్పుడు, అన్నేళ్ళలో మొదటిసారి, కెమెరా వెనకున్న ఒక మనిషి ఫ్రేములోకి వచ్చి ఆమెని ఓదారుస్తాడు. మైకు పట్టుకునే బ్రయాన్.

మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. మా జిమ్, పామ్‌లని ఏం చేస్తున్నార్రా బాబూ అనిపించింది. ఈ మధ్యకాలంలో నేనూ హైదరాబాద్ నుంచి బెంగళూరుకి అలాంటి ఫోన్లు కొన్ని చేశాను. ఎవరి తప్పూ లేకుండానే గొంతులు ఎలా లేస్తాయో, ఫోన్ పెట్టేశాక గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఇప్పుడు తెలుసు. అందుకే ఈసారి ఆ సీన్ ఆపి మళ్ళీ చూశాను. రెండో సీజన్‌లో ఇది రాయడం కుదరదు. ఆరో సీజన్‌లోనూ కుదరదు. ఇద్దరు మనుషులని అన్నేళ్ళు మనచేత చూపించి, పెళ్ళి చేసి, పిల్లల్ని ఇచ్చిన తర్వాతే ఆ ఫోన్ కాల్‌కి అంత బరువు వస్తుంది. శుభం కార్డు దాటి సాగిన షో మాత్రమే చెప్పగలిగిన సంగతి ఇది. ప్రేమకథలు ఆగేచోట కాపురం మొదలవుతుందని అందరికీ తెలుసు. దాన్ని అదే మనుషులతో చూపించే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది?

దొరికిన ఆ అవకాశాన్ని షో సగంలో వదిలేసింది. బ్రయాన్‌ని చప్పుడు చేయకుండా తప్పించేశారు. ఒక సాయంత్రం గొడుగు ఇవ్వడానికి వచ్చిన పామ్‌ని జిమ్ గట్టిగా హత్తుకుంటాడు. ఆమె చేతులు కాసేపు లేవవు. ఆ ఆలస్యం దగ్గర ఊపిరి బిగబట్టాను. వెంటనే తెరమీద పెళ్ళినాటి దృశ్యాలు వచ్చేస్తాయి. ఇంకొన్ని ఎపిసోడ్ల తర్వాత, నేను నీకు సరిపోతానా అని పామ్ భయపడుతుంటే, జిమ్ డాక్యుమెంటరీ వాళ్ళని అడిగి తమ ఇద్దరి పాత క్లిప్పులన్నీ ఒక డీవీడీగా చేయించి చూపిస్తాడు. ఆమె కరిగిపోతుంది. నేనూ కరిగాను, దాచడం ఎందుకు.

కానీ జరిగిందేమిటో చూడండి. ఇవాళ్టి గొడవకి జవాబుగా షో మనకి పాత ఎపిసోడ్లు వేసి చూపించింది. ఫిలడెల్ఫియా ఉద్యోగం సంగతేంటి, ఎవరి కల కోసం ఎవరు ఎంత వదులుకోవాలి అన్న ప్రశ్న అలాగే ఉంది. ఫినాలేలో పామ్ ఇల్లు అమ్మేసి, ఊరు మారడానికి సిద్ధపడుతుంది. అది ఆమె నిర్ణయమే. కాకపోతే ఆ నిర్ణయానికి ఆమె ఎలా వచ్చిందో మనకి చూపించలేదు. ఎపిసోడ్ల కొద్దీ పడిన గొడవ కెమెరాకి దూరంగా తేలిపోయింది.

నేను ఏళ్ళ తరబడి ఎయిర్‌పోర్ట్ దగ్గర ఆపేసి, మళ్ళీ మొదటి సీజన్ పెట్టుకోవడం కూడా జిమ్ డీవీడీ లాంటి పనేనని ఇప్పుడనిపిస్తోంది. కష్టమైన భాగం వచ్చేలోపు పాత క్లిప్పులు వేసుకోవడం.

కాబట్టి నా మాట సవరించుకుంటున్నాను. ఎనిమిదో సీజన్ లేకపోయినా ఎవరికీ నష్టం లేదు. తొమ్మిదిలో మాత్రం ఆ డాన్స్ ప్రోగ్రామ్ ఎపిసోడ్ నుంచి గొడుగు ఎపిసోడ్ దాకా వదలకండి. ముఖ్యంగా పామ్ చేతులు లేవని ఆ కొన్ని క్షణాలు. ‘ది ఆఫీస్’ తన గడువు దాటాక సంపాదించుకున్నది అదొక్కటే.