గోడ ఎత్తు తెలిశాకే కథ

పాతకాలపు ఆడపిల్ల మీద పిల్లల కథ రాయాలని కూర్చుంటే ముందుగా తట్టే ఊహ ఒకటే: పిల్ల గోడ దూకుతుంది. మగవేషం వేస్తుంది, గుర్రం ఎక్కుతుంది, కొలువులో నిలబడి పెద్దల నోరు మూయిస్తుంది. చదివేవాళ్లకు హుషారుగానే ఉంటుంది. కానీ ఆ కాలంలో నిజంగా బతికిన పిల్లల్లో నూటికి తొంభై తొమ్మిది మంది గోడ దూకలేదు. వాళ్లకు తెలివి లేకనా, ధైర్యం లేకనా? కాదు. అది చెప్పలేని కథ వాళ్లకు అన్యాయం చేస్తుందని నా నమ్మకం. అందుకే లిండా స్యూ పార్క్ మొదటి నవల 'సీసా గర్ల్' అంటే నాకంత ప్రేమ.

1999లో వచ్చిన ఈ చిన్న పుస్తకం 17వ శతాబ్దపు కొరియాలో, చొసన్ రాజుల కాలంలో నడుస్తుంది. జేడ్ బ్లాసమ్‌కు పన్నెండేళ్లు. సియోల్‌లో పెద్దింటి పిల్ల. అలాంటి ఇళ్లలో మగవాళ్ల చావడి వేరు, ఆడవాళ్ల లోపలి వాకిలి వేరు. ఏడేళ్లు వచ్చాక ఆడపిల్లా మగపిల్లాడూ పక్కపక్కన కూర్చోకూడదని కన్ఫ్యూషియన్ కట్టడి. జమీందారీ లోగిళ్లలోని ఘోషా గురించి విన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. జేడ్‌కు ప్రాణస్నేహితురాలు, తనకన్నా కాస్త పెద్దదైన మేనత్త. ఆమెకు పెళ్లయి అత్తారింటికి వెళ్లిపోతుంది. ఉండబట్టలేక జేడ్ దొంగచాటుగా బయటపడుతుంది, లోకం చూస్తుంది, మళ్లీ ఇంటికే వస్తుంది. ఆ తర్వాత బయటికి చూడాలంటే ఆమెకు మిగిలేది ఒక పలక.

ఆ ఆట పేరు నల్‌త్విగి. గడ్డిచాప చుట్ట మీద పొడవాటి పలక వేసి, చెరో చివర ఇద్దరు నిలబడతారు. ఒకరు దూకి దిగితే రెండోవాళ్లు గాల్లోకి లేస్తారు. కొత్త సంవత్సరం పండక్కి ఇప్పటికీ ఆడతారు. గడప దాటే వీల్లేని ఆడపిల్లలు వీధి చూడడానికే దీన్ని కనిపెట్టారని కొరియాలో చెప్పుకుంటారు. పార్క్ కొరియన్ల బిడ్డ, అమెరికాలో పుట్టి పెరిగింది. చిన్నప్పుడు చదివిన ఫ్రాన్సెస్ కార్పెంటర్ కథల పుస్తకంలో ఈ ముచ్చట ఆమె మనసులో నాటుకుపోయింది.

నిచ్చెన అయితే ఒక్కతే ఎక్కొచ్చు. పలక మీద అలా కుదరదు, అవతల ఇంకో పిల్ల దూకాలి. పైన ఉండేది రెప్పపాటు. ఆ రెప్పపాటులో ఎంత కనిపిస్తే అంతే. ఆ కాలం ఆ పిల్లకు ఇచ్చింది అంతమటుకే, రచయిత్రి దాన్ని అంగుళం కూడా పెంచలేదు. పెంచలేదు కాబట్టే చదివేవాళ్లకు గోడ తగులుతుంది.

ఇలాంటి కథ మొదలుపెట్టేటప్పుడు నేను ముందు పట్టుకునేది సంవత్సరాన్ని. 'పూర్వకాలం' అంటే చాలదు. చిత్రకారిణి షిన్ సైమ్‌దాంగ్ 1504లో గాంగ్‌నుంగ్‌లో పుట్టింది. పెళ్లయ్యాక కూడా చాలా ఏళ్లు పుట్టింట్లోనే ఉంది. గొప్ప పండితుడైన ఆమె కొడుకు యుల్‌గోక్ 1536లో పుట్టిందీ ఆ ఇంట్లోనే. ఆ రోజుల్లో అల్లుడు అత్తారింట్లో ఉండడం మామూలు. ఆస్తిలో కూతుళ్లకూ సమానంగా వాటా ఉండేది, పితృకార్యాలు వంతులవారీగా వాళ్లూ జరిపేవారు. 17వ శతాబ్దం గడిచేకొద్దీ ఆస్తీ కార్యాలూ పెద్దకొడుకు వైపు పోయాయి, పెళ్లికూతురు అత్తారింటికి తరలిపోవడం స్థిరపడింది. అంటే జేడ్‌కూ మేనత్తకూ మధ్య వచ్చిన ఎడబాటు అనాదిగా ఉన్నది కాదు. నూరేళ్లు ముందు పుట్టి ఉంటే ఆ ఇద్దరూ ఇంకొన్నేళ్లు ఒకే వాకిట్లో ఆడుకునేవారేమో! ఈ సంగతి తెలిశాక ఆ కథ నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది.

గోడ లోపల ఏం జరుగుతుందిలే అనుకోవడం ఇంకో తొందరపాటు. చొసన్ కాలంలోనే పుట్టిన ఒక కథ ఉంది, ఎవరు రాశారో పేరు లేదు. ఇంటి ఇల్లాలు కునుకు తీస్తుండగా కుట్టుపెట్టెలోని సూది, దారం, కత్తెర, కొలబద్ద, వేలిటోపీ, చిన్న ఇస్త్రీకడ్డీ, ఇస్త్రీపెట్టె పోట్లాడుకుంటాయి. బట్ట కుట్టేది నా వల్లేనంటే నా వల్లేనని. పడే శ్రమంతా తమది, పేరు మాత్రం ఇల్లాలిదని కూడా గొణుక్కుంటాయి. గది దాటని మనిషి చేతిలోని పరికరాలకు నోరిచ్చి ఇంత మాట అనిపించింది ఆ రచన! పిల్లల కథకు ఇంతకన్నా సరుకేం కావాలి?

ఇప్పుడు మన పిల్లలు కొరియన్ సీరియళ్లు విరగబడి చూస్తున్నారు. పట్టుబట్టలు, రాజప్రాసాదాలు వాళ్లకు కంఠతా వచ్చు. అయితే చొసన్ ఆడపిల్లలంతా గోడల మధ్య పెరగలేదు. కాస్త పెద్ద పిల్లలకు జూన్ హర్ నవలలు ఇవ్వండి. 'ద సైలెన్స్ ఆఫ్ బోన్స్' 1800 నాటి కథ. అందులో సాల్ అనే పదహారేళ్ల పిల్ల పోలీసు ఠాణాలో కట్టుబానిస. ఆడవాళ్లను మగ అధికారులు తాకకూడదు కాబట్టి తాకాల్సిన పనులు ఈమెతో చేయిస్తారు. 'ద రెడ్ ప్యాలెస్'లో రాజవైద్యశాలలో పనిచేసే అమ్మాయి నాయిక. పెద్దింటి స్త్రీల మర్యాద కాపాడడానికి కింది వర్గపు పిల్లలు వీధుల్లోకీ శవాల దగ్గరికీ వెళ్లాల్సి వచ్చింది. వాళ్లు తిరగగలిగారు, కానీ స్వేచ్ఛగా లేరు.

జేడ్ లాంటి ఇంట్లో కూతుళ్ల పేర్లు వంశావళిలో రాసేవారు కాదు, అల్లుడి పేరు రాసేవారు. అదే ఇంటి బానిస పిల్ల పేరు మాత్రం ఆస్తి పంపకాల పత్రంలో ఉండేది, ఎవరి వాటాకు వచ్చిందో తెలియాలి కాబట్టి. ఈ రెండో పిల్ల మీద, ఎనిమిదేళ్ల పిల్లలు కూడా చదువుకోగల కథ నా చేతికింకా రాలేదు. ఆ పత్రంలోని ఒక్క పేరు చాలు, ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది.