చీపురుపుల్లల లెక్కలు

మన ప్రాథమిక బడుల్లో టీచర్లు తయారుచేసే బోధనోపకరణాలకు డబ్బు ఖర్చు తక్కువ, బుర్ర ఖర్చు ఎక్కువ. పాత శుభలేఖల వెనక అక్షరాల కార్డులు, సీసా మూతల మీద అంకెలు, కూడికలకు చింతపిక్కలు. అన్నిటిలోకి నాకు నచ్చేది చీపురుపుల్లల కట్ట. పది పుల్లలకు ఒక రబ్బరుబ్యాండు, అంతే. మూడు కట్టలు, రెండు పుల్లలు కలిపితే 32. అందులోంచి 7 తీసెయ్యమంటే విడిగా ఉన్న రెండు పుల్లలూ చాలవు. పిల్ల ఒక కట్ట విప్పుతుంది. పన్నెండవుతాయి. ఏడు తీసేస్తే రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగులుతాయి. పదుల స్థానం నుంచి అప్పు తేవడమంటే ఏమిటో బోర్డు కన్నా ముందు వేళ్లకు తెలిసిపోతుంది.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూలు వాళ్ల అభ్యాస కార్డులదీ ఈ దారే. ఒకే టీచరు, ఒకే గది, నాలుగైదు తరగతులు ఉండే పల్లె బడుల కోసం అవి పుట్టాయి. ఎవరి కార్డు వాళ్లు తీసుకుని, ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకుంటారు.

బోధనోపకరణాల మేళాలో చూపించి బీరువాలో తాళం వేసే థర్మకోల్ బొమ్మలంటే నాకు పెద్ద గౌరవం లేదు. పిల్లల చేతుల్లో నలిగి, అంచులు చిరిగి, మైదా జిగురుతో మళ్లీ అతికించుకున్నదే అసలైన ఉపకరణం. ఇంట్లో పాత శుభలేఖలుంటే పారెయ్యకండి, దగ్గర్లోని బడికి ఇచ్చిరండి.