ఫోటోల పెట్టెకు తాళం ఎవరి చేతిలో ఉంది?

ఫోటోలు తీయడం ఎంత తేలికైపోయిందో మీకు నేను చెప్పనక్కరలేదు. మీ ఫోనులోనే రెండు మూడు వేల ఫోటోలు ఉండవచ్చు. వాటిలో నుంచి, పోయిన ఏడాది విహారయాత్రలో మీరు తీసిన ఒక పాలపిట్ట ఫోటోను వెతికి పట్టుకోండి చూద్దాం. ఎంతసేపు పట్టింది? అయిదు నిమిషాల్లో దొరికితే మీరు అదృష్టవంతులే. ఇరవై వేల ఫోటోలున్న వారి సంగతి ఊహించుకోండి.

"ఫోటోలు దిద్దడానికి మంచి సాఫ్ట్‌వేర్ ఏది?" అని విద్యార్థులు తరచుగా అడుగుతుంటారు. కెమెరా కొన్న వారంలోనే ఈ ప్రశ్న వస్తుంది. "ఫోటోలు సర్దుకోవడానికి మంచి సాఫ్ట్‌వేర్ ఏది?" అని మాత్రం ఎవరూ అడగరు. దిద్దడం వేరు, సర్దడం వేరు. మొదటి దానిలో పొరపాటు చేస్తే ఒక ఫోటో పాడవుతుంది. రెండో దానిలో పొరపాటు చేస్తే పదేళ్ల పని పోతుంది. అందుకే ఈ సమీక్షలో రంగుల సంగతి కొంచెం తగ్గించి, సర్దుబాటు సంగతి ఎక్కువగా చూద్దాం.

ముందు నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట మా అమ్మమ్మ పక్కన కూర్చుని, ఇంట్లోని పాత పెళ్లి ఫోటోలు స్కాన్ చేశాను. ఎవరెవరో ఆవిడే చెప్పింది: "వీడు మీ తాతయ్య మేనత్త కొడుకు, ఈ పిల్ల తరవాత బళ్లారి కోడలిగా వెళ్లింది." ఒక సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క ముఖం మీద నొక్కి ఆ పేర్లన్నీ రాశాను. కొన్నేళ్లకు కంప్యూటర్ మార్చాను. ఫోటోలన్నీ కొత్త యంత్రంలోకి వచ్చాయి గాని, పేర్లు రాలేదు. మళ్లీ అడుగుదామంటే అప్పటికి అమ్మమ్మ లేదు. తప్పు సగం ఆ సాఫ్ట్‌వేర్‌ది, సగం నాది. ఆ పేర్లు ఎక్కడ రాసి పెడుతోందో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ "ఎక్కడ" అన్నదే అసలు ప్రశ్న. పూర్వం ఫోటో వెనక పెన్సిల్‌తో పేరు, తేదీ రాసేవారు. ఫోటో ఎక్కడికి పోతే పేరూ అక్కడికి పోయేది. కొందరు మాత్రం ఫోటో మీద నంబరు వేసి, వివరాలు వేరే పుస్తకంలో రాసుకునేవారు. ఆ పుస్తకం పోతే ఫోటోలన్నీ అనామకాలే. కంప్యూటర్‌లోనూ సరిగ్గా ఈ రెండు పద్ధతులే ఉన్నాయి.

జెపెగ్ ఫైలులో బొమ్మతో పాటు అక్షరాలకూ చోటు ఉంటుంది. కెమెరా అందులో తేదీ, షట్టర్ వేగం, కటక నాభ్యంతరం వంటివి తానే రాస్తుంది. దీన్ని ఎగ్జిఫ్ అంటారు. ఇది 1995లో జపాన్‌లో రూపొందిన ప్రమాణం. మనం రాసే పేర్లు, వివరణలు పెట్టుకోవడానికి ఎక్స్.ఎం.పి. అనే మరో ప్రమాణం ఉంది. అడోబీ సంస్థ 2001లో దీన్ని తెచ్చింది. 2012లో ఇది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇందులో తెలుగు అక్షరాలు కూడా చక్కగా ఇముడుతాయి. రా ఫైళ్ల విషయంలో మాత్రం అసలు ఫైలును ముట్టుకోవడం మంచిది కాదని, దాని పక్కనే అదే పేరుతో చిన్న ఎక్స్.ఎం.పి. ఫైలు ఒకటి పెడతారు. ఇదంతా ఫోటో వెనక పెన్సిల్ రాత లాంటిది. మూడోది సాఫ్ట్‌వేర్ తన సొంత డేటాబేస్‌లో రాసుకోవడం. ఇది వేరే పుస్తకం పద్ధతి. వెతకడానికి చాలా వేగంగా ఉంటుంది, కాబట్టి దీన్ని తప్పు పట్టలేం. అది ఒక్కటే ఉంటేనే ప్రమాదం.

"నేను ఫోల్డర్లు చేసి పెట్టుకుంటాను, చాలదా?" అని మీరు అడగవచ్చు. చాలదు. పాలపిట్ట ఫోటోను "పక్షులు" ఫోల్డర్‌లో పెడతారా, "విహారయాత్ర" ఫోల్డర్‌లో పెడతారా, "2024"లోనా? ఒక వస్తువు ఒక అరలోనే ఉండగలదు. గ్రంథాలయాల్లో ఈ చిక్కును ఎదుర్కొన్నవారిలో మన ఎస్.ఆర్. రంగనాథన్ ముఖ్యుడు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా ఉంటూ 1933లో ఆయన వెలువరించిన కోలన్ వర్గీకరణలో ఒక విషయాన్ని అనేక ముఖాల నుంచి చూస్తారు. స్థలం ఒక ముఖం, కాలం ఒక ముఖం, ఇలాగ. ఫోటోకు తగిలించే ట్యాగులు కూడా అలాంటి ముఖాలే అనుకోండి. ఒకే ఫోటోకు "పాలపిట్ట", "నాగార్జునసాగర్", "ఎగురుతున్నది" అని మూడు చీటీలు తగిలిస్తే, మూడు దారుల్లోనూ దొరుకుతుంది. ఫోల్డర్లకు తేదీలు చాలు.

ఇక దిద్దడం సంగతి. నేటి సాఫ్ట్‌వేర్లలో చాలావరకు అసలు ఫోటోను మార్చవు. "వెలుగు ఇంత పెంచు, ఎడమ పక్క ఇంత కత్తిరించు" అని ఒక చిట్టా రాసుకుంటాయి. మీరు చూసినప్పుడల్లా ఆ చిట్టా ప్రకారం బొమ్మను కొత్తగా తయారు చేసి చూపిస్తాయి. పద్ధతి చాలా మంచిది. కాని ఒక సాఫ్ట్‌వేర్ చిట్టా మరో దానికి సాధారణంగా అర్థం కాదు. ఎందుకో తెలుసుకోవాలంటే కెమెరా లోపలికి వెళ్లాలి.

కెమెరా సంవేదకంలోని గడులకు రంగులు తెలియవు, వెలుగు ఎంత పడిందో మాత్రమే తెలుసు. అందుకని ఒక్కొక్క గడి మీద ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒక వడపోత పెడతారు. నాలుగు గడులకు రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ ఈ అమరికకు 1976లో పేటెంటు పొందాడు. 24 మెగాపిక్సెల్ కెమెరా అంటే 2 కోట్ల 40 లక్షల గడులు. వాటిలో ఎరుపును నిజంగా చూసినవి 60 లక్షలే! ప్రతి గడిలోనూ మిగతా రెండు రంగులను ఇరుగుపొరుగు గడులను బట్టి లెక్కగట్టాల్సిందే. ఈ లెక్కను ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో రకంగా చేస్తుంది. ఒకే రా ఫైలును రెండు సాఫ్ట్‌వేర్లలో తెరిస్తే ఆకుల అంచులు, చర్మం రంగు కాస్త తేడాగా కనిపించేది ఇందుకే. పునాదే వేరైనప్పుడు "వెలుగు ఒక మెట్టు పెంచు" అన్న ఆదేశానికి ఫలితం కూడా వేరవుతుంది.

కాబట్టి చీటీలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో దానికి వెళ్లగలవు, దిద్దుబాట్లు వెళ్లవు. మీరు గంటసేపు కష్టపడి దిద్దిన ఫోటో ఏదైనా ఉంటే, దాన్ని పూర్తయిన బొమ్మగా టిఫ్ రూపంలోనో, మంచి నాణ్యత గల జెపెగ్ రూపంలోనో విడిగా దాచుకోండి.

"పెద్ద సంస్థల సాఫ్ట్‌వేర్లకు ఏమవుతుంది?" అనుకుంటున్నారా? పికాసా సంగతి చూడండి. 2004లో గూగుల్ దాన్ని కొని ఉచితంగా పంచిపెట్టింది. ఇంటింటి కంప్యూటర్‌లోనూ అదే ఉండేది. 2016లో ఆపేశారు. ఆపిల్ సంస్థ వారి అపర్చర్ 2005లో వచ్చింది. వృత్తి ఫోటోగ్రాఫర్ల కోసం చేసినది, డబ్బు పెట్టి కొన్నది. దాని అభివృద్ధిని ఆపేస్తున్నట్టు 2014లో ప్రకటించారు, 2015లో అమ్మకం ఆగింది. 2019లో వచ్చిన మ్యాక్ వ్యవస్థ మీద అది అసలు నడవనే లేదు. మొదటిది ఉచితం, రెండోది ఖరీదు. రెండూ పోయాయి. ధరను బట్టి ఆయుష్షును అంచనా వేయకండి.

ఇప్పుడు అందుబాటులో ఉన్న వాటికి వద్దాం. లైట్‌రూమ్ క్లాసిక్ గురించి ముందు చెప్పాలి. దిద్దడం, సర్దడం రెండూ ఒకే చోట ఇంత సాఫీగా కుదిరిన సాఫ్ట్‌వేర్ మరొకటి లేదని నా అభిప్రాయం. పెళ్లిళ్లకు ఫోటోలు తీసేవారు ఒక్క రోజులో రెండు వేల ఫోటోలు తెచ్చి, రాత్రికి మూడు వందలు ఏరాలంటే దీన్ని మించినది చెప్పలేను. అయితే రెండు లోపాలు. చీటీలను అది తన జాబితాలో రాసుకుంటుంది. ఫైళ్లలో కూడా రాయమంటే రాస్తుంది గాని, ఆ ఏర్పాటును మీరే వెతికి పెట్టుకోవాలి. అది పెట్టినా, మీరు చేసుకున్న కలెక్షన్లు మాత్రం ఫైళ్లలోకి రావు. రెండోది అద్దె. ఒకేసారి కొని ఉంచుకోగల చివరి రకం 2015 నాటి లైట్‌రూమ్ 6. ఇప్పుడు చందా ఆపితే ఫోటోలు చూడవచ్చు, బయటికి తీసుకోవచ్చు, కాని దిద్దే విభాగం మూతపడుతుంది. సంపాదన ఉన్నవారికి ఇది వృత్తి ఖర్చు. విద్యార్థికి మాత్రం భారమే. (దొంగ కాపీలు దొరుకుతాయని మీరు అనబోతున్నారు. వాటితో వచ్చే వైరస్‌ల మాట అటుంచి, ఉచితంగా న్యాయంగా దొరికేవి ఉండగా ఆ అవసరం ఏమిటి?)

డార్క్‌టేబుల్ అలాంటిదే. 2009లో మొదటిసారి విడుదలైంది. లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది, అడగకుండానే ప్రతి ఫోటో పక్కనా ఎక్స్.ఎం.పి. ఫైలు రాసిపెట్టడం. రేపు డార్క్‌టేబుల్ లేకపోయినా మీ చీటీలు ఫోటోల పక్కనే ఉంటాయి. దిద్దడంలో శక్తి కూడా తక్కువ కాదు. 14 బిట్ల రా ఫైలులో వెలుగుకు 16,384 మెట్లు ఉంటాయి, జెపెగ్‌లో 256 మాత్రమే. ఆ తేడాను పూర్తిగా వాడుకోనిస్తుంది. కాని, కొత్తవారి మీద దీనికి దయ లేదు. పదుల కొద్దీ పరికరాలు, ఒకే పనికి మూడు దారులు, సంకేత ప్రసరణ పాఠం నుంచి ఎత్తుకొచ్చినట్టున్న పేర్లు! మొదటి వారం విసుగు పుట్టడం ఖాయం. పాత కంప్యూటర్‌లో నత్తనడక కూడా. ముఖాలను గుర్తుపట్టే ఏర్పాటు లేదు.

ఆ పని డిజికామ్ చేస్తుంది. ఇదీ ఉచితమే. సర్దడానికే పుట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. చీటీలను మెట్లు మెట్లుగా పెట్టుకోవచ్చు: జంతువులు, అందులో పక్షులు, అందులో పాలపిట్ట. ముఖాలకు పేర్లు పెట్టవచ్చు, పటం మీద చూడవచ్చు, ఇవన్నీ ఫోటో ఫైలులోనే రాయమని చెప్పవచ్చు. నేను అమ్మమ్మ చెప్పిన పేర్లు ఇందులో రాసి ఉంటే బాగుండేది. దిద్దే విభాగం మాత్రం సాధారణం. పెద్ద సేకరణను మొదటిసారి చదివించేటప్పుడు ఓపిక కావాలి. రాత్రి మొదలుపెట్టి పడుకోండి.

గింప్ ఈ కోవలోది కాదు. 1995లో బర్కిలీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క బొమ్మ మీద వివరంగా పని చేయడానికి గొప్పది. పోస్టర్లకు, పాత ఫోటోల గీతలు చెరపడానికి వాడండి. వేల ఫోటోలను సర్దమంటే అది దాని పని కాదు. ఫోటోషాప్‌కూ ఇదే మాట వర్తిస్తుంది.

ఫోనులోని గూగుల్ ఫోటోస్ మాటేమిటి? వెతకడంలో దానికి సాటి లేదు, ఒప్పుకోవాలి. "కుక్క" అంటే కుక్కలన్నీ చూపిస్తుంది. కాని ఆ కుక్క మీ పెద్దమ్మ వాళ్ల టైగర్ అని మీరు చెబితేనే దానికి తెలుస్తుంది. మీరు అలా రాసిన వివరణలు, మొత్తం ఫోటోలను బయటికి తీసుకున్నప్పుడు, వేరే జేసన్ ఫైళ్లలో వస్తాయి. చాలా సాఫ్ట్‌వేర్లు వాటిని నేరుగా చదవలేవు. 2021 జూన్ 1 నుంచి లెక్కలేనంత ఉచిత చోటు కూడా లేదు. వాట్సాప్ మరీ అన్యాయం. ఫోటోను ఫోటోగా పంపితే తీసిన తేదీ, స్థలం వంటి వివరాలన్నీ ఊడిపోతాయి. మిత్రులకు అసలు ఫోటో ఇవ్వాలంటే డాక్యుమెంటుగా పంపండి.

మీకు నేను చెప్పగలిగింది ఇది: రెండు పనులకూ ఒకే సాఫ్ట్‌వేర్ ఉండాలన్న పట్టుదల వదిలేయండి. డిజికామ్‌లో సర్దుకుని, దిద్దవలసిన వాటిని డార్క్‌టేబుల్‌లో తెరవవచ్చు. పక్షులు, సీతాకోకచిలుకల ఫోటోలు తీసే విద్యార్థికి ఈ జంట సరిపోతుంది. ఫోటోగ్రఫీని వృత్తిగా చేసుకోబోయేవారు లైట్‌రూమ్ నేర్చుకోక తప్పదు, మొదటి రోజునే ఫైళ్లలో రాసే ఏర్పాటు పెట్టుకుని.

నా మాట నమ్మనక్కరలేదు. మీరే ప్రయోగం చేసి చూడండి. ఇరవై ఫోటోల నకళ్లు ఒక ఫోల్డర్‌లో పెట్టండి. అసలువి వద్దు, నకళ్లే. మీరు ఎంచుకున్న సాఫ్ట్‌వేర్‌లో వాటికి తెలుగులో చీటీలు తగిలించండి. ఒక దానికి వివరణ రాయండి, ఒక దాన్ని కత్తిరించండి. ఇప్పుడు ఆ ఫోల్డర్‌ను మాత్రమే పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, మీ స్నేహితుని కంప్యూటర్‌లో వేరే సాఫ్ట్‌వేర్‌తో తెరవండి. "పాలపిట్ట" అని టైపు చేసి వెతకండి. ఫోటో దొరికిందా? తెలుగు అక్షరాలు సరిగా ఉన్నాయా, ప్రశ్నార్థకాలుగా మారాయా? వివరణ వచ్చిందా? కత్తిరింపు రాదు, దాని కోసం ఎదురు చూడకండి. మిగతావి రాకపోతే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో మెటాడేటా అనే భాగం తెరిచి, ఫైళ్లలో రాయమని చెప్పి, మళ్లీ మొదటి నుంచి చేయండి. అప్పుడూ రాకపోతే, మీ మిగతా ఫోటోలను ఆ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించకండి.