రొడొమొంటేడ్, ఉత్తరకుమారుడు, నేను

కిందటేడు ఓ కొత్త కవి తొలి సంపుటి మీద సమీక్ష రాశాను. తెలుగు వచన కవిత్వం తనతోనే మళ్ళీ మొదలవుతోందన్నట్టు ఆ కుర్రాడు ముందుమాట రాసుకున్నాడు. చదవగానే ఒళ్ళు మండింది. “ఒట్టి రొడొమొంటేడ్” అని తేల్చేసి, ముందుమాట మీదే మూడు పేరాలు దులిపేశాను. అర్థం ఏంటని ఇద్దరు ముగ్గురు అడిగారు. “గొంతు చించుకుని గొప్పలు చెప్పుకోవడం. మన ఉత్తరకుమార ప్రగల్భాల్లాంటిదే” అని చెప్పి లోలోపల మురిసిపోయాను. ఒకడి బడాయిని వెక్కిరించడానికి నేను వెతికి తెచ్చుకున్న మాటే ఎంత బడాయో అప్పుడు తట్టలేదు.

తర్వాతెప్పుడో ఆ మాట పుట్టుక చూశాను. అదొక పాత్ర పేరు. 15వ శతాబ్దపు ఇటాలియన్ కవి బొయార్డో సృష్టించిన యోధుడు, అల్జీర్స్ రాజు. అరియోస్తో తన ‘ఒర్లాండో ఫ్యూరియోసో’ (1516)లో అతన్ని రొడొమొంటే అన్నాడు. కొండల్ని దొర్లించేవాడని ఆ పేరుకి అర్థం చెప్తారు. కొండల్ని పిండి కొడతానని మనవాళ్ళు కోసే కోతలు గుర్తొస్తాయి కదా! కానీ ఇక్కడొక చిక్కుంది. రొడొమొంటే పిరికివాడు కాదు. ఒంటరిగా పారిస్ గోడలు దాటి లోపలికి దూకి, నగరాన్ని అల్లకల్లోలం చేస్తాడు. గర్వం, నోటిదురుసు అన్నీ ఉన్నాయి, వాటితోపాటు చేవ కూడా ఉంది. కావ్యం చివర్లో ద్వంద్వయుద్ధంలో చచ్చిపోతాడు, వెనక్కి మాత్రం తగ్గడు.

ఇంగ్లీషులో బ్రాగడోషియో అని ఇంకో మాట ఉంది. అదీ పాత్ర పేరు నుంచి వచ్చిందే. స్పెన్సర్ ‘ఫెయిరీ క్వీన్’లో వాడు వేరొకరి గుర్రాన్ని కొట్టేసి వీరుడిలా తిరిగే పిరికిపంద. నిఘంటువుల్లో ఈ రెండు మాటలూ పక్కపక్కనే, దాదాపు ఒకే అర్థంతో కూర్చుంటాయి. చేవ ఉన్నవాడూ లేనివాడూ వాడుకలో ఒకటైపోయారు.

మనం ఉత్తరుడికి చేసింది కూడా తక్కువేం కాదు. ఆ పేరు వింటే ‘నర్తనశాల’ (1963)లో రేలంగి కళ్ళముందుకొస్తాడు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కోతలు, కౌరవసేన కనపడగానే రథం దూకి పరుగు. సామెత అక్కడితో ఆగిపోయింది. భారతం ఆగలేదు. పారిపోయిన ఆ కుర్రాడే అర్జునుడి మాట మీద తిరిగొచ్చి, భీష్మద్రోణుల బాణాల మధ్య రథం తోలాడు. కురుక్షేత్రంలో మొదటిరోజే శల్యుడితో తలపడి ప్రాణాలొదిలాడు. ఆ చావుకి మన భాషలో ఒక్క నుడికారం లేదు.

అసలు సంస్కృతంలో ‘ప్రగల్భ’ అంటే ధైర్యం, జంకులేనితనం. నాయికల్లో ముగ్ధ, మధ్య, ప్రగల్భ అంటారే, అక్కడ తిట్టేమీ లేదు. తెలుగులో బహువచనం చేసి ‘ప్రగల్భాలు’ అనేసరికి ఆ ధైర్యం ఎగిరిపోయి చప్పుడు మిగిలింది.

అలాగని కోతలన్నీ మెచ్చుకోమని కాదు. ఆ ముందుమాట నాకు ఇప్పటికీ నచ్చదు. అయితే ఒక మనిషి గొప్పలు చెప్పుకున్నాడనడం వేరు, అతనిలో ఏమీ లేదనడం వేరు. రెండోది అనాలంటే చేసిన పని చూడాలి. నేను చూడలేదు. మాట గట్టిగా పేలింది కదా అని అదే తీర్పనుకున్నాను.

ఈమధ్య ఆ సంపుటి మళ్ళీ తీశాను. చాలా కవితలు తేలిపోయాయి. వాళ్ళ నాన్న షాపు మూసేసిన రోజు గురించిన కవిత మాత్రం రెండుసార్లు చదివాను. అందులో ఎక్కడా గొంతు పెంచలేదు. నా సమీక్షలో ఆ కవిత పేరు కూడా లేదు.

అతని రెండో పుస్తకం వస్తోందట. ఈసారి ముందుమాట చివర్లో చదువుతాను.