రూట్ అధికారము: రెండు ఆదేశముల తారతమ్యము

లినక్స్ వ్యవస్థలో ఒకే యంత్రమును పలువురు వాడుకొనవచ్చును. ప్రతివారికి ఒక ఖాతా, ఒక సంకేతపదము ఉండును. అన్నిటికి పైన 'రూట్' అను ఖాతా కలదు. దాని సంఖ్య సున్న. ఆ అధికారముతో ఎవరి ఫైలునైనను చదువవచ్చును, చెరిపివేయవచ్చును. టెర్మినల్‌లో ఈ అధికారమును పొందుటకు రెండు ఆదేశములు విశేషముగా వాడుకలో నున్నవి. వీనిలో ఏది మేలు?

మొదటిది 'ఎస్‌యు'. 1971 నాటి యూనిక్స్ తొలి కూర్పులోనే ఇది కలదు. ఏ ఖాతాలోనికి మారవలెనో ఆ ఖాతా సంకేతపదమునే ఇది అడుగును. సూత్రము సరళమైనదే, చిక్కును అందులోనే ఉన్నది. ఒక పాఠశాల ప్రయోగశాలను నలుగురు ఉపాధ్యాయులు చూచుచున్నచో, రూట్ సంకేతపదము నలుగురికిని తెలియవలెను. ఒకరు బదిలీయైనచో దానిని మార్చి, మిగిలిన ముగ్గురికిని మరల చెప్పవలెను. విద్యార్థుల ఫైళ్లు మాయమైనప్పుడు, రూట్‌గా మారినవారెవరో చిట్టాలో కనబడవచ్చును గాని, మారిన పిదప ఏమి చేసిరో అందుండదు.

రెండవది 'సుడో'. 1980 ప్రాంతమున న్యూయార్క్ రాష్ట్రములోని బఫెలో విశ్వవిద్యాలయమున బాబ్ కోగెషల్, క్లిఫ్ స్పెన్సర్ అనువారు దీనిని రచించిరి. ఇది సాధారణముగా వాడుకరి సొంత సంకేతపదమునే అడుగును. ఎవరు ఏ ఆదేశము నడుపవచ్చునో 'సుడోయర్స్' అను ఫైలులో ముందుగా వ్రాసియుండును. నడిపిన ఆదేశము వారి పేరుతోనే చిట్టాకెక్కును. రహస్యమును పంచుకొను పని తప్పినది. బాధ్యత వ్యక్తికి చెందినది.

అయినను సుడో నిర్దోషమని చెప్పరాదు. జాబితాలో 'అన్ని ఆదేశములు' అని వ్రాసినచో, ఆ వాడుకరి సంకేతపదమే రూట్ సంకేతపదముతో సమానమగును. సుడోతో ఒక షెల్ తెరచినచో, దానిలో చేసిన పనులు మామూలు చిట్టాకు అందవు. పైగా ప్రోగ్రాము పెద్దదైన కొలది దోషములకు చోటు హెచ్చును. 2011లో దీనిలో చొరబడిన ఒక దోషము 2021లో గాని బయటపడలేదు. జాబితాలో పేరు లేనివారు సైతము దాని మూలమున రూట్ కాగలిగిరి.

కావున తీర్పు సుడో పక్షమే, ఒక నియమముతో. అవసరమైన ఆదేశములను మాత్రమే, అవసరమైన వారికి మాత్రమే ఇచ్చినప్పుడు అది ఎస్‌యు కంటె మేలైనది. జాబితాను విచ్చలవిడిగా వ్రాసినచో రెండింటికిని భేదము స్వల్పము. రక్షణ ఆదేశములో లేదు. జాబితా వ్రాయువాని వివేకములో నున్నది.