మోచేత్తో ఊదే సంగీతం

2004లో డబ్లిన్‌లోని వికార్ స్ట్రీట్ వేదిక మీద ఐరిష్ జానపద సంగీత బృందం ప్లాంక్స్టీ మళ్ళీ కలిసి చేసిన కచేరీ వీడియోలో నా చూపంతా లియామ్ ఓఫ్లిన్ మీదే. ఆయన వాయించే ఇలియన్ పైప్స్ అనే ఐరిష్ గాలి వాద్యాన్ని నోటితో ఊదరు. ఒక మోచేత్తో చిన్న తిత్తిని నొక్కుతుంటే, రెండో చంక కింది సంచిలోకి గాలి చేరుతుంది. వేళ్ళు గొట్టం మీద రాగం నడుపుతాయి. మణికట్టు అంచు మీటలు నొక్కి తోడు స్వరాలు పలికిస్తుంది. వెనక శ్రుతి, మన సన్నాయి మేళంలోలాగే, ఆగకుండా మోగుతూ ఉంటుంది. ఇంత పనిలోనూ ఆయన ముఖంలో ఎంత ప్రశాంతత!

పక్కన డోనల్ లనీ బుజూకీ అనే తీగ వాద్యం, ఆండీ ఇర్విన్ మాండొలిన్ జడలా అల్లుకుంటాయి. క్రిస్టీ మూర్ గొంతు సరేసరి. పైపర్, అంటే పైప్స్ వాద్యకారుడు, తయారవడానికి ఇరవై ఒక్క ఏళ్ళు పడుతుందని ఐర్లండ్‌లో నానుడి. నేనైతే నమ్ముతాను. ఓఫ్లిన్ గురువు లియో రౌసమ్ పైప్స్ వాయించడమే కాదు, స్వయంగా తయారుచేసేవారు కూడా.