గుండు, మోకాలు, ఏడడుగుల వలయము

స్కాట్లండు పర్వతసీమలలో ఏటేట జరుగు హైలాండు క్రీడలయందు, ఇంచుమించు ఇరువది అడుగుల దూలమును నిలువుగా నెత్తి, నాలుగడుగులు పరుగెత్తి, దాని పైకొన నేలకు తగిలి క్రిందికొన ఆవలికి దొర్లునట్లు విసరు పందెమొకటి కలదు. అందు గణింపబడునది దూరము కాదు, దూలము వాలిన సూటిదనము. ఆ విద్య నేర్పువారు మా ఊరగు ఇంద్రేశమున నాకు దొరకలేదు. కనుక ఆ క్రీడలలోనిదే యగు రాతిపందెమునకు వారసురాలైన షాట్‌పుట్‌ను ఆశ్రయించితిని.

సెప్టెంబరు తొలి శనివారమున స్కాట్లండులోని బ్రేమార్‌లో జరుగు ఉత్సవమున నేటికిని పరుగులేక, నిలుచున్నచోటి నుండియే రాయిని నెట్టెదరు. ఆ రాయియే కాలక్రమమున 7.26 కిలోల ఇనుపగుండై, 1896 నాటి తొలి ఆధునిక ఒలింపిక్సు నుండియు నిలిచియున్నది. మా పారిశ్రామికవాడలో ఇనుమునకు కొదువయా? లేతుపై పనిచేయు మిత్రుడొకడు పాత షాఫ్టు తునకను తిప్పి తిప్పి పండ్రెండు సెంటీమీటర్ల వ్యాసముగల గుండుగా చెక్కి ఇచ్చెను. దుకాణపు సరుకుకన్న అదియే నాకు ప్రియము.

మన పల్లెలలోను ఆంజనేయుని గుడి ముంగిట గుండ్లుండెడివి. వానిని భుజమున కెత్తినవాడు ఊరికి మొనగాడు. ఏనుగును ఎదపై నిలిపిన కోడి రామమూర్తి నాయుడుగారి కీర్తియు భారమును మోయుటలోనిదే. షాట్‌పుట్ మాత్రము వేరొక విద్య. గుండు దవడక్రింద మెడకానియుండవలెను, చేయి భుజము వెనుకకు జారరాదు, బలము మోకాళ్ళనుండి నడుమునకు, నడుమునుండి భుజమునకు ఎక్కి, చివరకే వ్రేళ్ళను చేరవలెను. 1952లోను 1956లోను ఒలింపిక్సు స్వర్ణము గెలిచిన ప్యారీ ఒబ్రయన్ విసరుదిక్కునకు వీపు త్రిప్పి ఆరంభించుట ఈ ప్రయాణమును దీర్ఘము చేయుటకే. లారీలకు లోడెత్తి కండలు దేరిన యువకుడొకడు చేతిబలమును నమ్ముకొని నాలుగు కిలోల గుండును విసరగా, అదే గుండును బడిపిల్ల యొకతె మోకాలు వంచి లేచినంతనే అతనికన్న దూరముగా పంపుట నేను చూచితిని. ఆ యువకుడు అలుగక మరునాటినుండి గుంజీలు తీయసాగెను. అదియే నాకు నచ్చినది.

మా చుట్టుప్రక్కల చేలన్నియు ప్లాట్లగుచున్నవి, క్రికెట్టునకైన చోటు కరవగుచున్నది. లేఅవుట్లు వేయువారికిని స్థానిక పాలకులకును నా మనవి యొక్కటే: పార్కునకని విడిచిన స్థలమున ఒక మూల ఏడడుగుల సిమెంటు వలయమును, దానియెదుట ముప్పదియైదు డిగ్రీల కోణమున మెత్తని మన్నును, చుట్టును ఒక కంచెను ఏర్పరుపుడు. 2023లో తజిందర్‌పాల్ సింగ్ తూర్ నెలకొల్పిన ఆసియా రికార్డు 21.77 మీటర్లు, మన పిల్లలకు అంతకుమించిన నేల అక్కరలేదు.